ఆపరేషన్ ఫెయిలయ్యిందంట!

మొన్న సంక్రాంతికి మదనపల్లెకి పోయినప్పుడు మా పెద్దమ్మ పుంగనూరు నుంచి పనిగట్టుకుని వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, దాంట్లో లావుపాటి ఫైలు. కాఫీ కూడా తాగకుండానే మొదలుపెట్టింది.

"ఒరే నాయనా, నువ్వు కంప్యూటర్లో ఏందో రాస్తావంట గదా. ఆ బెంగుళూరు ఆసుపత్రోళ్ళ మింద ఒకటి రాయి. ఇన్సూరెన్సు ఇచ్చింది పోగా రెండు లచ్చలు చేతినుంచి పెట్టినాం. మీ అన్న ఆపరేషన్ ఫెయిల్ చేసినారు."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమయ్యేదేంది? కనిపించడంలా? మళ్ళీ లావైపోతా ఉండాడు."

అన్న పక్కనే ఉన్నాడు. తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ముప్పై ఆరేళ్ళు, బెంగుళూరులో మనలాగే సాఫ్టువేరు, కింద పన్నెండు మంది టీము. పెద్దమ్మ దృష్టిలో మాత్రం రిపేరు సరిగ్గా చెయ్యని మిక్సీ లాగా ఉన్నాడు.

సరే, రాస్తానన్నాను. ఫైలు తీసుకున్నాను. రాత్రి కూర్చుని మొత్తం చదివాను. చదివాక నాకు కోపం వచ్చిన మాట నిజం. కాకపోతే ఒక్కరి మీద కాదు. అందుకే ఈ టపా. (అన్న అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు వద్దన్నాడు, ఆసుపత్రి పేరూ వద్దన్నాడు. అంతే.)

ముందు లెక్కలు చూద్దాం. మనం ఇంజనీర్లం కదా, ఏడుపులకన్నా ముందు అంకెలు.

ఆపరేషన్ నాటికి అన్న బరువు 128 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ 44 దాటింది. చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పధ్నాలుగు నెలలకి 88 కిలోలకి దిగాడు. ఇప్పుడు మూడున్నరేళ్ళు, 101 కిలోలు. అంటే తగ్గిన నలభైలో పదమూడు కిలోలు వెనక్కి వచ్చాయి. పెద్దమ్మకి కనిపించేది ఆ పదమూడే.

ఫైల్లో ఇంకొన్ని అంకెలు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ చదవలేదు. ఆపరేషన్ కి ముందు మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 9.1, అదీ రెండు రకాల మాత్రలు మింగుతూ. ఇప్పుడు 6.4, ఒక్క మాత్రతో. బీపీ మాత్ర లేదు. రాత్రుళ్ళు గురకకి మూతికి తగిలించుకునే మెషీను అటక ఎక్కింది. అప్పట్లో మా ఇంటి రెండంతస్తుల మెట్లెక్కి పది నిముషాలు రొప్పేవాడు. ఈ సంక్రాంతికి గాలిపటం కోసం మూడుసార్లు మిద్దెక్కాడు.

ఇదేనా ఫెయిలవడం అంటే?

స్వీడన్ లో 1987లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళకి పైగా నాలుగు వేలమందిని గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. దాదాపు సగం మంది బరువు ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళు, సగం మంది చేయించుకోనివాళ్ళు. 2007లో వచ్చిన ఫలితాల్లో బైపాస్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలబడింది. అంటే సగటు మనిషికే కొంత వెనక్కి వచ్చింది! అయినా సరే, చేయించుకోనివాళ్ళతో పోలిస్తే మరణాలు, వయసూ మిగతా జబ్బులూ లెక్కలోకి తీసుకున్నాక, 29 శాతం తక్కువ.

అమెరికాలో క్లీవ్‌లాండ్ వాళ్ళు షుగరున్న 150 మందితో చేసిన పరీక్షకి ఐదేళ్ళ ఫలితాలు 2017లో వచ్చాయి. బరువు బైపాస్ వాళ్ళకి 23 శాతం, స్లీవ్ వాళ్ళకి 19 శాతం, ఒట్టి మందులతో ఉన్నవాళ్ళకి 5 శాతం తగ్గింది. షుగరు 6 లోపు నిలిచినవాళ్ళు బైపాస్ లో 29 శాతం, స్లీవ్ లో 23 శాతం, మందులతో 5 శాతం.

ఇప్పుడు మా అన్న లెక్క కట్టండి. 128 నుంచి 101. అంటే 21 శాతం తగ్గుదల. ఆ పరీక్షల్లోని మనుషులు వేరు, మొదలైన బరువులు వేరు, అచ్చంగా పోల్చలేం. కానీ ఒకటి మాత్రం ఖాయం. మా అన్న వింత కేసేం కాదు. స్లీవ్ చేయించుకున్న మామూలు మనిషి ఎక్కడ ఉంటాడో సుమారుగా అక్కడే ఉన్నాడు.

మరి ఫెయిలయ్యిందని ఎందుకనుకుంటున్నారు? "ఎంతకి తగ్గుతానని అనుకున్నావన్నా?" అని అడిగా.

"అరవై అయిదు" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

"ఎవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. పెండ్లినాడు అంతుండాను కదా."

అదీ సంగతి. స్పెసిఫికేషన్ ఎవరూ రాయలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు, డెలివరీ అయ్యాక మాత్రం "మేం అడిగింది ఇది కాదు" అంటున్నాం. మన క్లయింట్లు ఇదే పని చేస్తే మనం ఎన్ని తిట్టుకుంటాం?

అయితే ఈ పాపంలో ఆసుపత్రికి పెద్ద వాటానే ఉంది. బెంగుళూరులో ఫ్లైఓవర్ల కింద పోతుంటే కనిపించే బోర్డులు చూడండి. ఎడమ పక్క ఏడుపు మొహంతో లావు మనిషి, కుడి పక్క అదే మనిషి సగమై, పాత ప్యాంటు నడుముని చేత్తో ముందుకి లాగి చూపిస్తూ నవ్వు. ఆ రెండో ఫోటో ఎప్పుడు తీస్తారు? ఏడాదికో, ఏడాదిన్నరకో. గ్రాఫు అడుగుకి తాకే రోజు అది! ఐదో ఏడు ఫోటో పెట్టిన బోర్డు నాకైతే ఒక్కటీ కనబడలేదు. సర్వర్ మీద ఎవరూ లేని అర్ధరాత్రి బెంచ్‌మార్క్ నడిపి, ఆ అంకెని బ్రోచర్లో వేసే సేల్స్ వాళ్ళకీ వీళ్ళకీ తేడా ఏముంది?

ఇంకో ఘోరం. ఫైల్లో డైట్ షీటు ఉంది. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. క్వినోవా, అవకాడో, బ్రోకలీ, గ్రీక్ యోగర్ట్. నాన్నలారా, ఆ ఇంట్లో వంట చేసేది పుంగనూరు పెద్దమ్మ. టమాటాలకి ఆసియాలోనే పేరున్న మార్కెట్ మా మదనపల్లెలో ఉంది, ఆ షీటులో టమాటా లేదు. రాగులు లేవు, ఉలవలు లేవు, పెసలు లేవు, కోడిగుడ్డు ఒక్కచోట ఉంది. మా ఇళ్ళల్లో పొద్దున రాగిసంగటి, ఊరిబిండి, చలికాలం వస్తే అనపగింజల పితికిపప్పు. వీటిల్లో ఏది ఎంత తినొచ్చో ఒక్క ముక్క లేదు. ఆ షీటు ఎవరి కోసం రాశారు? ఎక్కడినుంచో కాపీ చేసి అతికించారనేది చూడగానే తెలుస్తోంది. డాక్యుమెంటేషన్ యూజర్ కి అర్థం కాకపోతే అది లేనట్టే లెక్క. ఈ ముక్క మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, ఆసుపత్రిని తిట్టడం అయింది. ఇప్పుడు మా అన్నని.

స్లీవ్ అంటే కడుపులో ముప్పాతిక భాగం, ఇంకొంచెం ఎక్కువే, కోసి తీసేసి అరటికాయంత గొట్టం మిగులుస్తారు. తీసేసిన భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారవుతుంది కాబట్టి మొదట్లో ఆకలి కూడా పడిపోతుంది. బైపాస్ లో అయితే రెండు టేబుల్ స్పూన్లు పట్టేంత చిన్న సంచి చేసి, పేగుని దానికి దారి మళ్ళించి కలుపుతారు. ఏది చేసినా మొదటి ఏడాది ఒంట్లో వాతావరణమే మారిపోతుంది. తిండి మీద ధ్యాస పోతుంది, తిన్నా రెండు ముద్దలకే చాలనిపిస్తుంది. ఆ ఏడాదిని డాక్టర్లు హనీమూన్ అంటారు. బరువు దానంతటదే దిగుతుంది.

మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. దిగుతున్నది తమ గొప్పతనం వల్లనో, డాక్టరు గొప్పతనం వల్లనో అనుకుంటారు. అలవాట్లు మార్చుకోవడానికి ఒళ్ళు ఇచ్చిన గడువు అది, సెలవు కాదు. ఏడాదిన్నర దాటాక ఆకలి మెల్లగా వెనక్కి వస్తుంది. తగ్గిన ఒళ్ళు తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుంటుంది. అప్పటికి కొత్త అలవాట్లు కుదిరుంటే నిలబడతాం. లేదంటే పాత కోడ్ మళ్ళీ రన్ అవుతుంది.

అన్న ఒక రోజు మొత్తం ఏం తింటాడో నాకు చెప్పాడు. నిజాయితీగానే చెప్పాడు పాపం. భోజనం నిజంగా తక్కువే. అర ముద్ద సంగటి, గరిటెడు పప్పు. పెద్దమ్మ ఏడ్చేది అదే చూసి. కానీ ఆఫీసులో టీలు ఐదు. ఒక్కో దాంట్లో రెండు చెంచాల చక్కెర. అంటే చక్కెరే నలభై గ్రాములు పైన, అదీ నెమరేసేదేం లేకుండా సర్రున దిగిపోయేది. సాయంత్రం బేకరీ పఫ్ఫు. రాత్రి అమెరికా కాల్సు ఉంటే పక్కన మిక్చరు పొట్లం. "నెమ్మదిగా నములుతా ఉంటే కడుపు నిండినట్టే ఉండదురా" అన్నాడు. ఉండదు మరి! పొడిపొడిగా కరిగిపోయేవి, ద్రవాలు ఆ గొట్టంలో ఆగవు. గుడ్డు ఆగుతుంది, మాంసం ఆగుతుంది, ఉడికించిన అలసందలు ఆగుతాయి. టీ, ఐస్ క్రీము, మిక్చరు జారిపోతాయి.

మా పుంగనూరు ఆవుని చూశారు కదా. మూడడుగులుండదు, దూడనుకుంటారు కొత్తవాళ్ళు. పాలు మాత్రం ఎనిమిది శాతం దాకా వెన్నతో వస్తాయి, మామూలు ఆవుపాలకి రెట్టింపు. ఆకారం చిన్నదని లోపలిది పల్చన కాదు. ఇది పుంగనూరోడికి నేను చెప్పాల్సొచ్చింది చూడండి. కడుపు చిన్నదైంది సరే, దాంట్లోకి పోయేది ఎంత చిక్కటిదో చూడాలి కదా అన్నా :)

ఇంకా ఉంది. బీ12, ఐరన్, క్యాల్షియం, డీ విటమిన్. ఈ ఆపరేషన్ల తర్వాత ఇవి జీవితాంతం చూసుకోవాల్సినవి, ఏడాదికోసారి రక్తపరీక్షతో సహా. అన్న పది నెలలకే మానేశాడు. "బాగానే ఉండా గదా" అని. కాళ్ళు తిమ్మిరులెక్కుతున్నాయని మాత్రం రెండు నెలల నుంచి అంటున్నాడు. ఆసుపత్రికి ఆఖరుసారి పోయింది ఎప్పుడు? ఫైలు ప్రకారం పదహారో నెల. అంటే బరువు పెరగడం మొదలైన రోజునుంచి డాక్టరుకి మొహం చూపించలేదు. ఎందుకంటే సిగ్గు. "మళ్ళీ లావైనా అని చూపించుకోను ఎట్ల పోయేది?"

బగ్ వచ్చాక సపోర్ట్ టీముకి ఫోన్ చెయ్యకుండా, రెండేళ్ళ తర్వాత ప్రాడక్టే దండగ అని రివ్యూ రాయమంటున్నాం!

ఈ "బాగానే ఉండా గదా" అనే మాట మా ప్రాంతానికి కొత్తది కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1912లో క్షయ రోగుల కోసం పెట్టిన శానిటోరియం. క్షయకి మందే లేని రోజుల్లో జనం అక్కడికొచ్చి నెలల తరబడి పడకేసి, వేళకి తిని, వేళకి పడుకుని, చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు. అక్కడ బరువు పెరిగితే పండగ! మందులు వచ్చాక బాధ ఇంకో రకమైంది. రెండు నెలలకే దగ్గు తగ్గిపోతుంది, రోగి బాగయ్యాననుకుని మాత్రలు మానేస్తాడు, జబ్బు మొండిదై తిరిగొస్తుంది. కోర్సు ముగించమని ఊరూరా చెప్పడానికి దశాబ్దాలు పట్టింది. మందు ఎంత గొప్పదైనా రోగి చెయ్యాల్సిన సగం రోగిదే అని వందేళ్ళుగా కళ్ళముందు చూస్తున్న ఊరు మాది. అయినా మనకి ఎక్కలేదు.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. "చూశావా, నోరు కట్టుకోలేక ఆపరేషన్ దాకా పోయినాడు, అడ్డదారి తొక్కితే అంతే" అనే బ్యాచ్ ఒకటి ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. ఆదివారం పది కిలోమీటర్లు పరిగెత్తి ఫోటో పెట్టేవాళ్ళు. ఈ టపా వాళ్ళ చేతికి కర్ర ఇవ్వడానికి రాయడం లేదు.

అడ్డదారి అంట! కడుపు కోయించుకుని, పదిహేను రోజులు నీళ్ళూ జావతో బతికి, మూడో నెల నుంచి జుట్టు రాలుతుంటే చూసుకుని, పెళ్ళిళ్ళలో విస్తరి ముందు దొంగలా కూర్చుని, జీవితాంతం మాత్రలు మింగడం అడ్డదారా? బీఎంఐ 44 దగ్గర ఉన్నవాడికి "నడువు, తగ్గుతావు" అని చెప్పడం ఎంత తేలికో, నడిచి ముప్పై కిలోలు తగ్గి అక్కడే ఐదేళ్ళు నిలబడటం అంత అరుదు. పైన చెప్పిన అమెరికా పరీక్షలో మందులు, సలహాలు అన్నీ అందుకున్నవాళ్ళు తగ్గింది 5 శాతమే. వాళ్ళంతా సోమరిపోతులా? లావు తగ్గగానే ఆ పాత లావుకి లాక్కుపోవడానికి ఒళ్ళు గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ లాగుడుని కొంత తగ్గించడమే ఆపరేషన్ చేసే పని. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాణ్ణి "మనోబలం లేదు" అనం కదా. మరి దీనికెందుకు?

ఈ సిగ్గు వేసేది మనమే. ఆ సిగ్గుతోనే మా అన్న పదహారో నెల తర్వాత డాక్టరు గడప తొక్కలేదు. కాబట్టి వెక్కిరించేవాళ్ళు ఆ పదమూడు కిలోల్లో తమ వాటా కూడా రాసుకోవాలి.

వెక్కిరింపు ఎంతదాకా తీసుకుపోతుందో మన తెలుగువాళ్ళకి బాగా తెలియాలి. 'నువ్వు నాకు నచ్చావ్' (2001)తో మనందరికీ నచ్చిన ఆర్తీ అగర్వాల్ ని తర్వాతి రోజుల్లో బరువు గురించి ఎంత ఆడిపోసుకున్నామో గుర్తుందా? 2015 జూన్ 6న అమెరికాలో, 31 ఏళ్ళకే పోయింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. చావుకి కారణం అదేనని నేను తీర్పు చెప్పను, ఆ అర్హత నాకు లేదు. కానీ ఆ వార్త వచ్చిన రోజునుంచి మా ఊళ్ళల్లో బరువు ఆపరేషన్ అనగానే ఆ అమ్మాయి పేరు చెప్పి భయపెడతారు. రెండూ ఒకటి కాదు మహాప్రభో! లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వు కొంత పీల్చేసి ఆకారం సరిచెయ్యడం. అది షుగరు తగ్గించదు, ఆకలి తగ్గించదు. స్లీవూ బైపాసూ జబ్బుకి చేసే వైద్యం. అద్దంలో ఎలా కనిపిస్తామనేదానికి ఒకటి, రక్తంలో ఏముందనేదానికి ఇంకొకటి. ఈ రెండూ కలిపేసుకునేవాళ్ళే తర్వాత "ఫెయిల్" అంటారు.

మళ్ళీ అసలు విషయానికి. రోగి ప్రయత్నం అంటే మనోబలం అనుకుంటాం. పళ్ళు బిగించి ఆకలి ఓర్చుకోవడం అనుకుంటాం. అది వారం నడుస్తుంది, మహా అయితే నెల. అసలు ప్రయత్నం ఎలా ఉంటుందో నాకు కుప్పంలో కనిపించింది.

నా కాలేజీ మిత్రుడి వాళ్ళమ్మ కుప్పంలో టీచరు. నేను అత్తా అని పిలుస్తాను. పదిహేనేళ్ళ షుగరు, ఇన్సులిన్ కూడా పడింది. ఆరేళ్ళ కింద బైపాస్ చేయించుకుంది. అన్న ఫైలు చదివాక వాళ్ళింటికి పనిగట్టుకుని పోయి కూర్చున్నా.

"అత్తా, మీకు మళ్ళీ పెరగలేదా?"

"ఎందుకు పెరగలేదు నాయనా? మూడో ఏడు అయిదు కిలోలు పెరిగినా. పెరిగిన వారమే డాక్టరు దగ్గిరికి పోయినా."

"తిట్టినారా?"

"తిడితే తిడతారు. వాళ్ళేమన్నా మన వియ్యంకులా, మొహమాటపడేదానికి?"

ఆమె చేసే పనులు చాలా చప్పగా ఉంటాయి. శుక్రవారం శుక్రవారం బరువు చూసి క్యాలెండరు మీద రాస్తుంది. మూడు కిలోలు దాటితే ఫోన్ చేస్తుంది. కంచంలో ముందు గుడ్డో, చికెనో, పప్పో, పెసల గుగ్గిళ్ళో. అది అయ్యాక కూర. ఆఖర్న నారింజకాయంత సంగటి, మిగిలితే మిగిలింది. తినేటప్పుడు నీళ్ళు తాగదు, అరగంట ఆగుతుంది. టీలో చక్కెర లేదు. స్టాఫ్ రూములో స్వీటు పెడితే తీసుకుని మనవడికని సంచిలో వేసుకుంటుంది (ఆ స్వీటు మా వాడు తింటాడు, అది వేరే కథ). మాత్రలు దేవుడి పటం పక్కన, దీపం పెట్టేటప్పుడు ఎలాగూ కనిపిస్తాయి. పొద్దున రైల్వేస్టేషను దాకా నడిచి వెనక్కి.

ఇందులో మనోబలం ఎక్కడుంది? ఏం లేదు. క్రాన్ జాబ్ ఉంది. మానిటరింగ్ ఉంది. మూడు కిలోలకి అలర్ట్ ఉంది. అలర్ట్ వస్తే ఎవరికి ఎస్కలేట్ చెయ్యాలో తెలుసు. ఇంజనీరింగ్ చదివిన మా అన్నకి లేనివన్నీ ఆ టీచరమ్మకి ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఆమెకుంది. ఇల్లు. ఆపరేషన్ నాటి నుంచి వాళ్ళింట్లో అందరి వంటా మారింది. మామ కూడా అదే తింటాడు. "నాకొక్కదానికి వేరే వండుకుంటే రెండు నెల్లకే యాష్టపడి మానేసుందును" అంది.

ఇప్పుడు పెద్దమ్మా, నీ వంతు. కోప్పడకుండా విను.

నీ కొడుకు అర ముద్ద తిని లేస్తే నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుంటావు. వాడు అది చూడలేక ఇంకో అర ముద్ద తింటాడు. కక్కుకుంటాడు. తర్వాత నువ్వు "ఇదన్నా తాగు" అని గ్లాసుడు పాలల్లో బెల్లం వేసి ఇస్తావు. అది మాత్రం సులువుగా దిగుతుంది. ఆదివారం బెంగుళూరు బస్సెక్కేటప్పుడు డబ్బా నిండా ఓళిగలు, ఇంకో డబ్బా చెక్కలు. నీ ప్రేమకి వేరే రూపం తెలియదని నాకు తెలుసు. మా అమ్మా అంతే, మన జిల్లాలో అమ్మలందరూ అంతే. కానీ డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు, వేయించిన శనగలు పెట్టినా అది ప్రేమే కదా?

చివరిగా మనం, అంటే ఐటీ జనం. మన గ్రూప్ పాలసీ ఉంది కదా, కట్ చేయించేద్దాం అనే మాట ఈమధ్య క్యాంటీన్లో కూడా వింటున్నాను. రెండు మూడు విషయాలు తెలుసుకుని పోండి.

ఒకటి. మన దేశంలో ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ రాయించిన ప్రామాణిక నిబంధన ప్రకారం పాలసీ ఈ ఆపరేషన్ కి డబ్బివ్వాలంటే బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగరు లాంటివి తోడవ్వాలి, అదీ మిగతా పద్ధతులు విఫలమయ్యాక. వైద్య సంఘాలు 2022లో తమ హద్దులు బాగా కిందికి దించాయి. మన ఆసియావాళ్ళకి 27.5 దగ్గరే ఆలోచించొచ్చన్నాయి. డాక్టరు సరేనన్నా ఇన్సూరెన్సువాడు కాదనొచ్చు. చేయించుకోవడానికి అర్హత ఉండటం వేరు, తర్వాత బతుకు మార్చుకోవడానికి తయారుగా ఉండటం వేరు.

రెండు. టీమ్ పార్టీలు. బైపాస్ తర్వాత మందు చాలా త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. అమెరికాలో దాదాపు రెండు వేలమందిని గమనిస్తే, తాగుడు సమస్య ఉన్నవాళ్ళు ఆపరేషన్ ముందు 7.6 శాతం, రెండో ఏటికి 9.6 శాతం (2012 నాటి ఫలితాలు). తిండితో తీరే బాధ ఇంకోదాంట్లోకి జరిగితే లాభమేంటి? "ఒక్క పెగ్గేలే బాస్" అనేవాడు స్నేహితుడు కాదు.

మూడు. ఇంజక్షన్లు వచ్చేశాయి కదా అంటారేమో. మౌంజారో, వెగోవీ రెండూ 2025లో మన దేశంలోకి వచ్చాయి. పనిచేస్తాయి, సందేహం లేదు. కానీ వెగోవీలోని మందు ఆపేసినవాళ్ళని గమనిస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. కత్తి అయినా సూది అయినా కథ ఒకటే. వైద్యం లాగుడుని తగ్గిస్తుంది, నడక మనది.

పెద్దమ్మా, నువ్వడిగిన ఫిర్యాదు రాశాను. కాకపోతే నలుగురి మీద రాశాను. అడుగుకి తాకిన రోజు ఫోటో తీసి బోర్డెక్కించి, ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి పంపేసిన ఆసుపత్రి మీద. మాత్రలూ డాక్టర్నీ మానేసి అరవై అయిదు కోసం ఎదురుచూసిన అన్న మీద. డబ్బాలు కట్టిన నీ మీద. లావుంటే వెక్కిరించి, ఆపరేషన్ చేయించుకుంటే ఇంకా వెక్కిరించే మా అందరి మీద.

అన్నకి ఇదంతా చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే ఇంక నేను అరవై అయిదుకు రానా?" అన్నాడు. రావన్నా. చాలామంది రారు. తొంభై అయిదు దగ్గర, మాత్రలు తక్కువగా, మెట్లు ఎక్కుతూ, కూతురు పెళ్ళి చూసేదాకా ఉంటావు. అది చాలదా?

చాలదన్నట్టే మొహం పెట్టాడు. కానీ సోమవారం రక్తపరీక్ష చేయించుకున్నాడు. బీ12 బాగా తక్కువ ఉందంట, సూదులు మొదలుపెట్టారు. తిమ్మిరులు దానివల్లేనేమో చూస్తామన్నారు. డాక్టరు తిట్టారా అని అడిగితే, "లేదురా, ఇన్నాళ్ళూ ఏమైపోయినావు అన్నాడు, అంతే" అన్నాడు.

నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టండి. తిట్టే ముందు మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళుంటే, ఎన్ని కిలోలు తగ్గావని అడగడం మాని, ఆఖరుసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని ఒక్కసారి అడగండి.